యంత్రం టైమా, మనిషి టైమా?

(ఇంజినీరింగ్ విద్యార్థులు, టీచర్లు, ఊరి పెద్దలు కలిసి కూర్చున్న ఒక సాయంత్రపు సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్ళకి వినపడుతోందా? చెయ్యి ఊపండి. సరే, వినపడుతోంది.

నాకిచ్చిన అంశం ‘కంప్యూటర్ శాస్త్రానికి ఆద్యులు, వాళ్ళు మనకి ఇచ్చినవి’. చాలా పెద్ద అంశం. బాబేజ్, ట్యూరింగ్, ఫాన్ నాయ్‌మన్ అంటూ ఒక్కొక్కరికీ రెండేసి నిమిషాలు ఇచ్చానంటే చివరికి పేర్లు మిగులుతాయి, సంగతి మిగలదు. ఎప్పుడు పుట్టారు, ఏం కనిపెట్టారు, ఏ బహుమతి వచ్చింది... అవన్నీ పోటీ పరీక్షల గైడుల్లో ఉన్నాయి, మీరు నాకంటే బాగా చెబుతారు. అందుకని నలుగురి గురించే మాట్లాడతాను. ఎందుకు ఈ నలుగురు? వీళ్ళందరి కథలోనూ ఒకటే తగాదా ఉంది. మిషను టైము ఖరీదా, మనిషి టైము ఖరీదా?

ఇవాళ మీకు ఇది అడగాల్సిన ప్రశ్నలాగే అనిపించదు. మీ జేబులో ఫోను రోజంతా ఊరికే పడి ఉంటుంది, దాని టైము వృథా అవుతోందని మీరెవరూ బాధపడరు. కానీ 1951లో మొదటి యూనివాక్ కంప్యూటర్ అమెరికా జనాభా లెక్కల శాఖకి చేరింది. ఆ తర్వాత కొన్నవాళ్ళు పది లక్షల డాలర్ల పైనే పెట్టారు. దాని ముందు కూర్చునే ప్రోగ్రామర్ జీతం ఏడాదికి కొన్ని వేలు. ఇప్పుడు చెప్పండి, ఎవరి టైము కాపాడాలి? మిషనుదే కదా! మనిషి రాత్రింబగళ్ళు కూర్చుని లెక్క కట్టుకుని, సున్నాలూ అంకెలూ సరిగ్గా పేర్చి మిషనుకి అందించాలి. మిషను ఒక్క క్షణం ఖాళీగా ఉండకూడదు. అలా అనుకున్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదండీ. ఆనాటి లెక్క ప్రకారం వాళ్ళదే న్యాయం. ఆ లెక్కని ఒప్పుకోని మొండివాళ్ళ గురించే ఇవాళ నా మాట.

గ్రేస్ హాపర్. ఈ పేరు విన్నవాళ్ళు? ముందు వరుసలో అమ్మాయి ఏదో అంటోంది... ‘బగ్ కనిపెట్టినావిడ’. సరే తల్లీ, ముందు ఆ పురుగు సంగతి తేల్చేద్దాం. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో మార్క్ టూ అనే యంత్రం రిలేలో, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్చిలో, చిమ్మెట ఒకటి చిక్కుకుంది. దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, నిజమైన బగ్ దొరకడం ఇదే మొదటిసారి అని పక్కన రాశారు. ఆ రాత జోకు. యంత్రంలో లోపాన్ని బగ్, అంటే పురుగు, అనడం అప్పటికే ఇంజినీర్ల వాడుకలో ఉంది కాబట్టే జోకు పేలింది. పురుగుని పట్టింది హాపర్ అనడానికీ లేదు. ఆవిడ ఆ కథని జీవితాంతం అంత బాగా చెప్పారు, అందుకని అది ఆవిడ ఖాతాలో పడిపోయింది. అసలు గొప్ప పని వేరే ఉంది. దాన్ని వదిలేసి అందరూ పురుగుని పట్టుకుని వేలాడతారు, అదే నా బాధ.

హాపర్ లెక్కల్లో యేల్ యూనివర్సిటీ పీహెచ్‌డీ, 1934. వాసర్ అనే ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పేవారు. యుద్ధం వచ్చాక 1943 డిసెంబరులో నేవీ రిజర్వులో చేరారు. 1944లో హార్వర్డ్ మార్క్ వన్ మీద పనికి పంపారు. ఆ మిషను పొడవు 51 అడుగులు. మన హాలు కంటే ఎక్కువే ఉంటుందేమో. సెకనుకి మూడు కూడికలు చేసేది. అంతే, మూడు.

అక్కడ ప్రోగ్రామర్లు ఏం చేసేవాళ్ళంటే, ఒకసారి బాగా పనిచేసిన ముక్కల్ని నోటు పుస్తకాల్లో రాసి ఉంచుకునేవాళ్ళు. సైన్ విలువ కట్టే ముక్క ఒకరి దగ్గర, ఇంకో ముక్క ఇంకొకరి దగ్గర. అవసరం వస్తే పక్కవాళ్ళ పుస్తకం అడిగి తీసుకుని ఎత్తిరాసుకోవడం. మనం పరీక్షల ముందు చేసే పనే. అయితే ప్రతి ముక్కా సున్నా చిరునామా నుంచి మొదలైనట్టు రాసి ఉంటుంది. చిరునామా అంటే మిషనులో ఆ ముక్క ఉండే చోటు నంబరు. మీ ప్రోగ్రాములో అది 300 దగ్గర రావాలంటే లోపల ఉన్న ప్రతి చిరునామాకీ 300 కలపాలి. చేత్తో. హాపర్ చూసి రెండు సంగతులు గ్రహించారు. ప్రోగ్రామర్లకి కూడికలు సరిగ్గా రావు. ఎత్తిరాయడమూ సరిగ్గా రాదు. 4 కాస్తా డెల్టా గుర్తు అయిపోయేది, బీ అక్షరం కాస్తా 13 అయిపోయేది. నవ్వుతున్నారు కానీ, ఒక్క గుర్తు మారితే రోజంతా పోయేది.

ఆవిడకీ ఒక ఇబ్బంది వచ్చింది. 1949లో ఎకర్ట్, మాక్లీల కంపెనీలో చేరారు, యూనివాక్ తయారుచేసినవాళ్ళు వీళ్ళే. అక్కడి మిషను కోసం ఎనిమిది ఆధారంగా నడిచే అంకెల్లో కూడడం, తీసెయ్యడం బాగా అలవాటు చేసుకున్నారు. ఎంత బాగా అంటే, ఇంట్లో బ్యాంకు లెక్క ఎంతకీ కుదరడం లేదు. తమ్ముడు బ్యాంకులో పనిచేసేవాడు. అతను కూర్చుని చూస్తే తేలింది, అక్క మధ్యమధ్యలో చెక్కుల లెక్క కూడా ఎనిమిది ఆధారంగా చేసేస్తోందని! ఈ సంగతి ఆవిడే చెప్పుకుని నవ్వేవారు. మనిషి బుర్రని మిషనుకి అనువుగా వంచితే ఏమవుతుందో చూడండి.

మరి ఆ కూడికలూ ఎత్తిరాతలూ మిషనే చేసుకోవచ్చు కదా? దానికి చేతనయిన పనే అవి రెండూ! 1952కల్లా ఏ-జీరో అనే ప్రోగ్రాము తయారుచేశారు. ముక్కలన్నీ టేపు మీద ఉంటాయి, ప్రతిదానికీ ఒక పిలుపు ఉంటుంది. మీరు పిలుపులు రాసిస్తే చాలు. మిషను టేపు వెతికి, ముక్కలు తెచ్చి, చిరునామాలు సర్ది, మొత్తం ప్రోగ్రాము అల్లి పెడుతుంది. మనిషి రాసినదాన్ని మిషను భాషలోకి మార్చే ప్రోగ్రాముని కంపైలరు అంటాం, తయారుగా ఉన్న ముక్కల్ని కలిపేదాన్ని లింకరు అంటాం. ఇవాళ్టి లెక్కలో అది కంపైలరు కంటే లింకరుకి దగ్గర. అది ఒప్పుకోవాలి. కానీ ప్రోగ్రాము రాసే ప్రోగ్రాము అనే ఊహ అక్కడ ఉంది.

ఇందులో ఒక ముడి ఉంది, విద్యార్థులు వినండి. యూనివాక్ మెమరీ మొత్తం వెయ్యి పదాలు, ఒక్కో పదానికి 12 అక్షరాలు. కాబట్టి టేపు ఒక్కసారే చదువుతూ పోవాలి. ప్రోగ్రాము మధ్యలో వెనకటి ముక్కకి ఎగరమంటే ఇబ్బంది లేదు, ఆ చోటు తెలుసు. ముందుకి ఎగరమంటే? ఆ ముక్క ఇంకా రాలేదు, దాని చిరునామా ఎవరికి తెలుసు? హాపర్ కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడేవారు. బంతి నేరుగా అందించలేనప్పుడు మధ్యలో ఒకరికి ఇచ్చి, తాను ముందుకి పరిగెత్తి మళ్ళీ అందుకోవడం గుర్తొచ్చింది. మెమరీ చివర్లో చిన్న మూల ఒకటి ఖాళీ ఉంచారు. ముందుకి ఎగరాల్సిన చోటల్లా ముందు ఆ మూలకి పంపి, అసలు ముక్క వచ్చాక ఆ మూల నుంచి దానికి దారి వేశారు. అలా తీరింది.

పనిచేసే కంపైలరు చేతిలో ఉంది. వాడారా? లేదు. కంప్యూటర్లు అంకగణితం మాత్రమే చేస్తాయి, ప్రోగ్రాములు ఎలా రాస్తాయి అన్నారు. ఇంకో అభ్యంతరం కూడా ఉండేది, అది నాకు నిజాయితీగా అనిపిస్తుంది. ముక్కలు వెతికి అల్లడానికి మిషను టైము అవుతుంది కదా! ఆ ఖరీదైన టైముని ప్రోగ్రామరు కష్టం తగ్గించడానికి తగలేస్తారా?

ఆవిడ ఊరుకోలేదు. వ్యాపార సంస్థల్లో లెక్కలు చూసేవాళ్ళకి గుర్తులూ సమీకరణాలూ వద్దు, మామూలు మాటలు కావాలన్నారు. సరుకు ఫైలు తీసుకో, ధరల ఫైలు తీసుకో, రెండింటిలో వస్తువు నంబరు పోల్చు. ఇలా, ఇంగ్లీషు మాటల్లో. యాజమాన్యానికి చూపించేటప్పుడు ఉత్సాహం కొద్దీ అదే ప్రోగ్రాముని ఫ్రెంచిలోనూ జర్మనులోనూ రాసి నడిపించారు. మిషనుకి ఏ భాషైనా గుర్తుల వరసే కదా, తేడా ఏముంది? యాజమాన్యం బెంబేలెత్తిపోయింది. పెన్సిల్వేనియాలో తయారైన అమెరికా కంప్యూటరుకి ఫ్రెంచి, జర్మను ఎలా వస్తాయి! ఇంగ్లీషు తప్ప ఇంకోటి ముట్టుకోమని మాటిస్తే గానీ పని ముందుకి సాగలేదు. తెలుగులో చేసి చూపించి ఉంటే ఏమయ్యేదో మరి.

ఆ భాష ఫ్లో-మ్యాటిక్. దాని మీద ఆధారపడి 1959లో పెద్ద కమిటీ కూర్చుని కోబాల్ అనే వ్యాపార లెక్కల భాష చేసింది. కోబాల్ తల్లి హాపర్ అని రాస్తుంటారు. ఆవిడ సలహాదారు. భాష రాసింది కమిటీ, అందులో జీన్ సామెట్ లాంటి గట్టివాళ్ళు ఉన్నారు. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాము రెండు వేరువేరు కంపెనీల మిషన్ల మీద నడిచింది. అంతకుముందు మిషను మారితే ప్రోగ్రాము చెత్తబుట్టకే.

కోబాల్‌కీ మనకీ చుట్టరికం ఉందండోయ్. మెమరీ ఆదా కోసం సంవత్సరంలో చివరి రెండు అంకెలే దాచడం ఆ రోజుల్లో మామూలు. 99 తర్వాత 00 వస్తే అది 1900 అనుకుంటుందా, 2000 అనుకుంటుందా? వైటూకే అని ప్రపంచమంతా టెన్షన్ పడింది. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోచింగు బోర్డులు గుర్తున్నవాళ్ళు ఇక్కడ ఉండే ఉంటారు. ఆ పెద్దాయన తల ఊపుతున్నారు. నేను కూడా ఆ బోర్డు కిందనుంచి లోపలికి వెళ్ళినవాణ్ణే. ఎన్ని తెలుగు కుటుంబాలు ఆ రెండు అంకెల పుణ్యాన విమానం ఎక్కాయో! మిషను కోసం మనిషి చేసిన చిన్న పొదుపు, నలభై ఏళ్ళ తర్వాత మనుషుల టైముతో తీర్చాల్సిన అప్పు అయింది.

ఇక జాన్ బాకస్. ఈయన చదువు చూస్తే మన ఇళ్ళల్లో అయితే ఆశలు వదిలేసుకుంటారు. వర్జీనియా యూనివర్సిటీ నుంచి పంపించేశారు. వైద్యం చదవబోయి మానేశారు. తర్వాత రేడియో రిపేరు నేర్పే స్కూల్లో చేరితే, అక్కడ లెక్కల మీద ఇష్టం పుట్టింది. 1950లో న్యూయార్క్‌లో ఐబీఎం ఆఫీసు కింద అంతస్తులో పెట్టిన పెద్ద కంప్యూటరు చూడ్డానికి లోపలికి వెళ్ళి, ఉద్యోగంతో బయటికొచ్చారు.

బాకస్ తన గురించి తాను చెప్పుకున్న మాట, తన పని చాలావరకు బద్ధకంలోంచి వచ్చిందని. ప్రోగ్రాములు రాయడం ఆయనకి విసుగు. కానీ హాపర్‌కి ఎదురైన అభ్యంతరాన్ని ఆయన వేరేగా పట్టుకున్నారు. మిషను రాసిన ప్రోగ్రాము మనిషి రాసినదానికంటే నెమ్మదిగా నడిస్తే ఎవరూ ముట్టుకోరు. కాబట్టి దాదాపు మనిషి రాసినంత బాగా రాయగలగాలి. ఇంకో లెక్క కూడా చూపించారు: కంప్యూటర్ కేంద్రాల్లో ప్రోగ్రామర్ల మీద అయ్యే ఖర్చు, మిషను మీద అయ్యే ఖర్చుతో సమానంగానైనా ఉంటోందని. అక్కడ పడింది దెబ్బ. మనిషి టైము చౌక అన్న నమ్మకమే తప్పని అంకెలతో చూపించిన మనిషి ఈయన.

అలా ఐబీఎంలో ఆయన జట్టు చేసిన భాష, దాని కంపైలరు, పేరు ఫోర్‌ట్రాన్. ఆ జట్టులో చదరంగం ఆటగాడు, స్ఫటికాల శాస్త్రవేత్త, వాసర్ కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన లోయిస్ హైబ్ట్ అనే అమ్మాయి ఉన్నారు. రాత్రిపూటే మిషను ఖాళీ దొరికేది కాబట్టి దగ్గర్లో హోటలు గదులు తీసుకుని పగలు పడుకునేవాళ్ళు. ఆరు నెలల్లో అయిపోతుందని చెబుతూ చెబుతూ మూడేళ్ళు పట్టింది. సాఫ్ట్‌వేరు ప్రాజెక్టులకి ఆ సంప్రదాయం అప్పటినుంచే ఉందన్నమాట. 1957 ఏప్రిల్లో పిట్స్‌బర్గ్ దగ్గర వెస్టింగ్‌హౌస్ కంపెనీ వాళ్ళకి ఫోర్‌ట్రాన్ కార్డుల కట్ట చేరింది. అప్పట్లో ప్రోగ్రాములు చిల్లులు పొడిచిన అట్ట కార్డుల మీద ఉండేవి. దాన్ని ఎలా వాడాలో చెప్పే కాగితం ఏదీ లేకుండానే వచ్చింది! వాళ్ళే ధైర్యం చేసి నడిపితే, ఫలానా చోట కామా లేదని మిషను తప్పు చూపించింది. కామా వేశారు. నడిచింది.

అదే ఏడాది ఫ్రాన్సిస్ ఆలెన్ అనే రైతు కూతురు చదువు అప్పు తీర్చుకోవడానికి ఐబీఎంలో చేరింది. మొదట ఆమెకి ఇచ్చిన పని, అక్కడి శాస్త్రవేత్తలకి ఫోర్‌ట్రాన్ నేర్పడం. నేర్చుకోవడానికి వాళ్ళకి అసలు ఇష్టం లేదు. వాళ్ళకి నేర్పుతూ కంపైలరు లోపల చూడడం మొదలుపెట్టి, దాన్ని మెరుగుపరిచే పద్ధతులకే జీవితం ఇచ్చింది. 2006లో ట్యూరింగ్ అవార్డు, కంప్యూటర్ శాస్త్రంలో అన్నిటికంటే పెద్ద బహుమతి, అది పొందిన మొదటి మహిళ. మన దేశంలో 1963లో ఐఐటీ కాన్పూరుకి ఐబీఎం 1620 కంప్యూటరు వచ్చినప్పుడు పిల్లలు నేర్చుకున్నది ఈ ఫోర్‌ట్రానే.

మూడో మనిషి జాన్ మెకార్తీ. కృత్రిమ మేధ అనే రంగానికి ఇంగ్లీషులో పేరు పెట్టినాయన, 1955లో. పేరు సంగతి పక్కన పెట్టండి. నాకు నచ్చే పని వేరే. అప్పట్లో కార్డుల కట్ట కిటికీలో ఇచ్చి, రేపు రండి అంటే పోయి, రేపు వచ్చి చూస్తే కామా తప్పు అని కాగితం ఇచ్చేవాళ్ళు. మళ్ళీ ఇంకో రోజు. ఎందుకు? మిషను వరసగా పనిచేస్తూ ఉండాలి, మనిషి ఆలోచించుకునేంతసేపు అది ఆగకూడదు. మెకార్తీ 1959 జనవరిలో ఎంఐటీలో ఒక కాగితం రాసి పెట్టారు. మిషను అంత వేగం కదా, ఒకరు ఆలోచిస్తున్నప్పుడు ఇంకొకరి పని చేస్తుంది, చాలామంది ఒకేసారి దాని ముందు కూర్చోవచ్చు అని. 1961కల్లా ఫెర్నాండో కోర్బాటో అది చేసి చూపించారు. ఒకరి పని నుంచి ఇంకొకరి పనికి మారేటప్పుడల్లా మిషను టైము కొంత వృథా. పోనీ అన్నారు.

ఆయన లిస్ప్ భాషలో ఇంకో దుబారా కూడా ఉంది. ప్రోగ్రాము వాడి వదిలేసిన మెమరీని ఎవరు ఏరాలి? ప్రోగ్రామరు గుర్తుపెట్టుకుని ఏరాలి అనేవాళ్ళు. మెకార్తీ మిషనే అప్పుడప్పుడు పని ఆపి ఏరుకుంటుందన్నారు. మీలో జావా, పైథాన్ రాసేవాళ్ళు రోజూ ఆ వరం మీద బతుకుతున్నారు.

ఈ మెకార్తీ 1962లో స్టాన్‌ఫర్డ్ వెళ్ళారు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళలో ఒకరు చిత్తూరు జిల్లా కాటూరు ఊరివారు. ఇప్పుడు అందరూ నిటారుగా కూర్చున్నారు చూశారా! దబ్బల రాజగోపాలరెడ్డి, ప్రపంచానికి రాజ్ రెడ్డి. 1937లో పుట్టారు. వ్యవసాయ కుటుంబం, ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి మనిషి. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివి, ఆస్ట్రేలియా వెళ్ళి ఎంటెక్ చేసి, అక్కడే ఐబీఎంలో పనిచేసి, తర్వాత స్టాన్‌ఫర్డ్. 1966లో పీహెచ్‌డీ. దేని మీద? మాట్లాడితే కంప్యూటరు అర్థం చేసుకోవడం మీద. మిగతావాళ్ళు మనిషి టైపు చేసే కష్టం తగ్గిస్తుంటే ఈయన అసలు టైపే చెయ్యక్కర్లేదు అన్నమాట.

ఇది ఎంత కష్టమో తెలుగువాళ్ళకి తేలిగ్గా చెప్పొచ్చు. ‘ఎక్కడున్నావు’ అంటాం. అందులో ‘ఎక్కడ’ అనే మాట ఏ చోట ఆగింది? ‘వాడొచ్చాడు’లో వాడు ఎక్కడ పూర్తయ్యాడు, వచ్చాడు ఎక్కడ మొదలైంది? కాగితం మీద మనం ఖాళీ వదులుతాం, నోట్లో వదలం. ఇంగ్లీషులోనూ అంతే. చెవిన పడేది ఆగకుండా పారే ధ్వని. దాన్ని సెకనుకి పదివేల అంకెలుగా కోస్తే, ఆ అంకెల్లో మాటల హద్దులు ఎక్కడా రాసి ఉండవు. పైగా ఒకే మాటని మీరు ఒకలా, నేను ఒకలా, జలుబు చేస్తే ఇంకోలా పలుకుతాం.

రాజ్ రెడ్డి గారు 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌కి మారారు. సరిగ్గా ఆ ఏడాదే బెల్ ల్యాబ్స్‌లో జాన్ పియర్స్ అనే పెద్దాయన, ట్రాన్సిస్టరుకి ఆ పేరు పెట్టినాయన, ఒక పత్రికలో ఉత్తరం రాశారు. మాటలు గుర్తుపట్టే యంత్రాలకి డబ్బులివ్వడం ఎలాంటిదంటే, నీళ్ళని పెట్రోలు చేస్తామనో, సముద్రంలోంచి బంగారం తీస్తామనో, చంద్రుడి మీదికి పోతామనో చెప్పేవాళ్ళకి ఇవ్వడం లాంటిదని. చంద్రుడి మీదికి ఆ ఏడాదే వెళ్ళారు, అది వేరే సంగతి! కానీ ఆయనవి ఊరికే తీసిపారేసే మాటలు కావు. మాట అర్థమయితే తప్ప మాట సరిగ్గా వినపడదు, వట్టి ధ్వనిని పట్టుకుని ఎంత కుస్తీ పడితే ఏం లాభం? ఇదీ ఆయన వాదన. ఆ వాదన నిజం.

రాజ్ రెడ్డి గారి జట్టు ఆ వాదననే మెట్టుగా చేసుకుంది. సరే, అర్థం కూడా చేరుద్దాం అన్నారు. హియర్సే వన్ అనే వాళ్ళ మొదటి వ్యవస్థ నోటి మాటతో చదరంగం ఆడేది. చదరంగం ఎందుకు? బల్ల మీద ఇప్పుడు ఏ ఎత్తులు వెయ్యొచ్చో మిషనుకి తెలుసు. ధ్వని అస్పష్టంగా ఉన్నా, కుదరని ఎత్తులు కొట్టేస్తే మిగిలేవి కొన్నే. చెవికి అందనిది బుర్రతో పూరించడం. గోలగా ఉన్న పెళ్ళి పందిట్లో మనం చేసేది అదే కదా?

1971లో అమెరికా రక్షణ శాఖ పరిశోధన విభాగం ఐదేళ్ళ గడువు పెట్టింది. వెయ్యి మాటలు, ఆగకుండా మాట్లాడాలి, అర్థం చేసుకోవడంలో తప్పులు పది శాతం లోపు ఉండాలి. హియర్సే టూలో నల్లబల్ల పద్ధతి తెచ్చారు. ధ్వనులు తెలిసిన ప్రోగ్రాము ఒకటి, మాటలు తెలిసినది ఒకటి, వ్యాకరణం తెలిసినది ఒకటి. ఎవరికి తోచిన ఊహ వాళ్ళు బల్ల మీద రాస్తారు, మిగతావాళ్ళు చూసి దాన్ని బలపరుస్తారు లేదా కొట్టేస్తారు. పరిశోధన పత్రాలు వెతికి పెట్టమని అడిగే వాక్యాలతో పరీక్షించేవాళ్ళు. వాళ్ళు వివరించడానికి వాడిన ఒక వాక్యం, ఫైగెన్‌బామ్, ఫెల్డ్‌మన్ రాసినవి ఏమైనా ఉన్నాయా అని. ఆ ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తోనే రాజ్ రెడ్డి గారు 1994లో ట్యూరింగ్ అవార్డు పంచుకున్నారు!

గడువు లోపల పందెం గెలిచింది మాత్రం అదే గూటిలో పుట్టిన హార్పీ. బ్రూస్ లోవెర్ అనే విద్యార్థి చేసినది. 1011 మాటలు, 1976. అనగలిగిన వాక్యాలన్నింటినీ ముందే ఒక పెద్ద దారుల పటంగా అల్లేశారు, సుమారు 15,000 మజిలీలు. వింటూ ఆ దారుల్లో నడవడమే. అన్ని దారులూ నడిస్తే తెల్లారిపోతుంది. అందుకని పెళ్ళి సంబంధాలు చూసినట్టు చూస్తుంది. నూరు జాతకాలు వస్తే బాగున్న నాలుగైదు పక్కన పెట్టి మిగతావి తిప్పి పంపేస్తాం, మళ్ళీ వెనక్కి వెళ్ళి అడగం. అలా అడుగడుగునా ముందున్న కొన్ని దారుల్ని మాత్రం ఉంచుకుని నడుస్తుంది. ఒక్కోసారి మంచి సంబంధం పోతుంది, అయినా ఆ నష్టం భరించవచ్చు. బీమ్ సెర్చ్ అంటారు. ఇవాళ్టి అనువాద యంత్రాల్లోనూ అది ఉంది.

ఇప్పుడు మన తగాదాకి రండి. హార్పీకి ఒక సెకను మాటకి దాదాపు 2.8 కోట్ల ఇన్‌స్ట్రక్షన్లు కావాలి. ఆనాటి వాళ్ళ మిషను మీద ఒక నిమిషం మాట అర్థం కావడానికి గంట పైచిలుకు పట్టేది. మనిషి టైపు చేస్తే నిమిషంలో అయిపోయేదానికి గంట మిషను! ఇంతకంటే దుబారా ఉంటుందా? హాపర్ చేసిన ఖర్చు దీని ముందు చిల్లర. కానీ వాళ్ళు మిషను ధర ఎటు పోతోందో చూశారు. ఇవాళ గంట పట్టేది ఇంకో పదేళ్ళకి నిమిషం, ఆ తర్వాత క్షణం. ఈ రోజు మిషనుకి కాకుండా రేపటి మిషనుకి రాశారు. పిచ్చివాళ్ళకీ దూరం చూసేవాళ్ళకీ తేడా ఆ రోజు తెలియదండీ.

గెలిచారు, మరి డబ్బులు పెరిగాయా? లేదు. 1976 తర్వాత ఆ కార్యక్రమం ఆగిపోయింది. మళ్ళీ 80ల్లో గానీ ఊపు రాలేదు. ఈలోగా అక్కడే పీహెచ్‌డీ చేసిన జేమ్స్ బేకర్, భార్య జానెట్‌తో కలిసి 1982లో మాటలు గుర్తుపట్టే ప్రోగ్రాములు చేసే డ్రాగన్ కంపెనీ పెట్టారు. బేకర్‌ది వేరే దారి. నియమాలు రాయొద్దు, ఎక్కువ మాటలు వినిపించి సంభావ్యతలు లెక్క కట్టిద్దాం అని. రాజ్ రెడ్డి గారి మొగ్గు నిపుణుల జ్ఞానాన్ని మిషనులో పెట్టడం వైపు. 80ల్లో కై-ఫు లీ అనే విద్యార్థి వచ్చి నేను గణాంకాల దారిలో వెళ్తానన్నాడు. మన దగ్గర గైడు ఏమంటాడు? చెప్పండి, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు ఉన్నారు కదా ఇక్కడ... సరే, చెప్పొద్దులెండి. రాజ్ రెడ్డి గారు నీతో ఏకీభవించను, కానీ అండగా ఉంటానన్నారని ఆ విద్యార్థే చెబుతాడు. 1988 నాటికి అతను చేసిన స్ఫింక్స్ అనే వ్యవస్థ వచ్చింది. ముందుగా మన గొంతుకి అలవాటు చెయ్యక్కర్లేదు, ఎవరు మాట్లాడినా, ఆగకుండా మాట్లాడినా పట్టుకునేది. గురువు నమ్మకం ఓడింది, గురువు బడి గెలిచింది. ఆయన చేసిన పనులన్నింటిలో నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను, టైము చూస్తున్నారు. రాజ్ రెడ్డి గారు 1979లో కార్నెగీ మెలన్‌లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టరు. 1984లో ఫ్రాన్సు లీజియన్ ఆఫ్ ఆనర్, 2001లో పద్మభూషణ్. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాలక మండలికి అధ్యక్షుడిగా పనిచేశారు. 2008లో పల్లెటూరి పిల్లల్ని పదో తరగతి మార్కుల మీద తీసుకునే ఆర్‌జీయూకేటీ పెట్టినప్పుడు, అదే మనం నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీలంటాం, దానికి తొలి ఛాన్సలరు. ఇంకో పేరు కూడా మరిచిపోకూడదు: బయ్య యజ్ఞనారాయణ గారు, ఆంధ్రా యూనివర్సిటీలో బీఎస్సీ చదివినవారు. 1977 నుంచి మూడేళ్ళు కార్నెగీ మెలన్‌లో ఉండి, తర్వాత మద్రాసు ఐఐటీలో, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో మాటల సాంకేతికత మీద ఒక తరం విద్యార్థుల్ని తయారుచేశారు.

ఇప్పుడు తెలుగులో మాట్లాడితే ఫోను రాస్తుంది. మా ఇంట్లో పెద్దవాళ్ళు కీబోర్డు ముట్టుకోకుండా మెసేజీలు పంపుతున్నారు. పేపరు భాషలో మాట్లాడితే బాగానే రాస్తుంది. కాటూరు వైపు మాటో, శ్రీకాకుళం మాటో, పాలమూరు మాటో అయితే తికమక పడుతుంది. ఎందుకు? దానికి వినిపించిన గొంతుల్లో అవి తక్కువ. నియమాలు రాసే రోజుల్లో అయితే ఒక పండితుణ్ణి కూర్చోబెట్టి ఆ యాస లక్షణాలు రాయించేవాళ్ళేమో. ఇప్పుడు గొంతులే కావాలి, వేల గంటలు. అవి ఎవరు పోగుచేస్తారు, ఎవరికిస్తారు, ఆ గొంతుల మీద హక్కు ఎవరిది? ఇది హాపర్‌కి గానీ బాకస్‌కి గానీ ఎదురవని చిక్కు.

ఇంకొక్క మాట. ఈ కాలేజీ ల్యాబులో ఇందాక ఒక అబ్బాయితో మాట్లాడాను. కృత్రిమ మేధ మోడల్ శిక్షణకి జీపీయూ, అంటే ఒకేసారి బోలెడు లెక్కలు చేసే ఖరీదైన చిప్పు, కావాలంటే క్యూలో పెట్టాలట, తన వంతు తెల్లవారుజామున వస్తుందట. ప్రోగ్రాములో చిన్న తప్పుంటే మళ్ళీ క్యూ. అంటే పెద్ద మిషను టైము మళ్ళీ ఖరీదైంది. ఈసారి దాని టైముని కాపాడాలా, ఆ అబ్బాయి నిద్రని కాపాడాలా? మీ హెచ్‌ఓడీ గారు నన్ను చూస్తున్నారు, ఆయన్నే అడగండి.

నాకిచ్చిన గంట అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. ఆ మూల అమ్మాయి ఎప్పటినుంచో చెయ్యెత్తి ఉంది, మైకు ముందు తనకివ్వండి.